ఘంటసాలకు ఏ పాట?

చిరంజీవి చిన్నబాబుకు,

అమ్మ ఆశీస్సులతో రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పంపిన జాబితా చూశాను. ఒక్కొక్క సంగీతకారుడికి ఒక్కొక్క పాట ఎంచి, సాయంత్రమంతా వరసగా పాడించాలన్న మీ ఆలోచన నాకెంతో నచ్చింది. అయితే ఘంటసాల పేరుకెదురుగా ‘శివశంకరి’ అని రాశావే, అక్కడ మాత్రం నీతో వాదించక తప్పదు.

‘శివశంకరి’ గొప్ప పాటే. దర్బారీ కానడ రాగాన్ని అంత ఠీవిగా పాడిన సినిమా గొంతు నేను మరొకటి వినలేదు. కానీ 1961లో ‘జగదేకవీరుని కథ’ కోసం దానికి మాటలు రాసింది పింగళి, బాణీ కట్టింది పెండ్యాల. అందులో మనకు వినిపించేది గాయకుడు ఘంటసాల ఒక్కడే. ‘పాతాళభైరవి’కి సంగీతం కూర్చిన ఘంటసాల మాటేమిటి? ఆ ఇద్దరూ ఒకేచోట దొరకాలంటే ‘పుష్పవిలాపం’ పెట్టు నాన్నా.

అది సినిమా పాట కాదు. కవి కరుణశ్రీ పద్యాలకు ఘంటసాల తానే వరసలు కట్టి గ్రామఫోన్ రికార్డుగా ఇచ్చాడు. అంతకుముందు పద్యమంటే పౌరాణిక నాటకాల పద్యమే. చివరి అక్షరం పట్టుకుని నటుడు రాగం తీస్తూ పోతే, జనం వన్స్‌మోర్ అని అరిచేవారు. ఆ విద్యను నేను తక్కువ చేయను. కాకపోతే ఆ ఆలాపన జోరులో కవి మాట చాలాసార్లు కొట్టుకుపోయేది. ఘంటసాల రాగాన్ని భావానికి ఎంత కావాలో అంతకే ఉంచాడు. విరుపు ఎక్కడ రావాలో అక్కడే విరిచాడు. పూజకు పూలు కోయబోయిన మనిషితో పూలు తమ గోడు చెప్పుకుంటుంటే, చదువురానివాళ్లకు కూడా ప్రతి మాటా అర్థమైంది. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చిన శాస్త్రీయ సంగీతమంతా ఆ పద్యాల అడుగున ఉంది, కానీ ఎక్కడా పైకి వచ్చి తన గొప్ప చెప్పుకోదు. ఆ తరువాత తెలుగువాళ్లు పద్యం పాడే తీరే మారిపోయింది.

భగవద్గీత పెడదామని మీలో ఎవరైనా అంటారేమో. చివరి రోజుల్లో ఆయన ప్రాణం పెట్టి పాడిన రికార్డు అది. దాన్ని మనవాళ్లు చావు ఇళ్లకు పరిమితం చేశారు. ఆ గొంతు వినిపిస్తే వీధిలో ఎవరు పోయారని అడిగే స్థితి వచ్చింది. అది నాకు నిజంగా బాధ. మీ సభలో ఆయన బతికిన గొంతుతో వినిపించాలి.

బాలమురళికి ‘మౌనమే నీ భాష’ రాశావు. వినడానికి హాయిగా ఉంటుంది, జనానికీ తెలుసు. కానీ నాలుగే నాలుగు స్వరాలతో మహతి రాగాన్ని కల్పించి, ‘మహనీయ మధురమూర్తే’ అని తానే రాసి, తానే పాడిన మనిషికి ఇంకొకరి బాణీ ఎందుకు? పాట ఎంత పేరు పొందిందో పక్కన పెట్టి, అందులోంచి ఆ మనిషిని తీసేస్తే ఏం మిగులుతుందో చూడు. ఏమీ మిగలకపోతే అదే ఆయన పాట.

సాలూరి రాజేశ్వరరావుకు ‘మనసున మల్లెల’, త్యాగరాజుకు ‘ఎందరో మహానుభావులు’ సరిగ్గా ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. ‘లాహిరి లాహిరి’ని మాత్రం ఘంటసాల ఖాతాలో వేయవద్దని మీవాళ్లకు చెప్పు. తెర మీద సంగీత దర్శకుడిగా పేరు ఆయనదే అయినా, ‘మాయాబజార్’లో ఆ వరస సాలూరిది.

‘పుష్పవిలాపం’ పాడేవారికి ముందుగానే చెప్పు: తొందరపడకూడదు, పద్యాలు కత్తిరించకూడదు. వాద్యాలు ఎక్కువ పెడితే మాట వినపడదు, ఒక వయొలిన్ చాలు. ఎవరిచేత పాడిస్తున్నారో ఆదివారం ఫోను చేసినప్పుడు చెప్పు. వీలైతే వాళ్ల గొంతు రికార్డు చేసి పంపు, వింటాను.

మీ అమ్మ