లేనిదాన్ని ఎవరూ పీకించరు కదా

సంపాదకుల వారికి,

ఆదివారం అనుబంధంలో యూదుల మతం మీద వేసిన వ్యాసం చదివాను. బాగానే ఉంది గానీ, 'మోషే కాలం నుంచీ వాళ్లకి దేవుడు ఒక్కడే' అని ఒక్క ముక్కలో తేల్చేశారే, అది నాకు మింగుడు పడలేదు.

పది ఆజ్ఞల్లో మొదటిది చూడండి. నేను తప్ప వేరే దేవుడు నీకు ఉండకూడదు అంటుందే గానీ, వేరే దేవుళ్లు లేనే లేరు అనదు. ఆ ఆజ్ఞలున్న బైబిలు పుస్తకం నిర్గమకాండంలోనే 'వేల్పులలో నీవంటివాడెవడు' అని పాట కూడా ఉంది, అంటే మిగతా వేల్పులు ఉన్నారనే కదా. 1975-76లో సీనాయి ఎడారిలో కుంతిల్లెత్ అజ్రూద్ అనే చోట తవ్వకాల్లో పెద్ద పెద్ద కుండలు దొరికాయి, క్రీ.పూ. 800 ప్రాంతం నాటివి, వాటి మీద 'షోమ్రోను యెహోవా' (షోమ్రోను అంటే ఆనాటి ఇశ్రాయేలు రాజధాని సమరియ, యెహోవా అంటే యూదుల దేవుడి పేరు) అనే పేరు, ఆయన అషేరా పేరు కలిపి దీవెనలు రాసి ఉన్నాయి. అషేరా అంటే అమ్మవారా, ఆమె పేరిట నాటిన కొయ్య స్తంభమా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

క్రీ.పూ. 622 ప్రాంతంలో యూదా రాజ్యాన్ని ఏలిన యోషీయా రాజు ఆ అషేరానే యెరూషలేము గుడిలోంచి బయటికి లాగించి కాల్పించాడు, గుడి దగ్గర ఆడవాళ్లు ఆమెకి బట్టలు నేసే గదుల్ని పడగొట్టించాడు. బైబిల్లోనే రాసుంది. లేనిదాన్ని ఎవరూ పీకించరు కదా!

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది బైబిల్లోని యిర్మియా ప్రవక్త గ్రంథం. పిల్లలు పుల్లలు ఏరుతుంటే, నాన్నలు పొయ్యి వెలిగిస్తుంటే, ఆడవాళ్లు ఆకాశరాణికి రొట్టెల పిండి పిసుకుతున్నారని ఆయన మండిపడతాడు. తర్వాత ఈజిప్టుకు పారిపోయిన జనాన్ని మళ్లీ తిడితే వాళ్లు ఊరుకోరు, 'ఆ తల్లికి ధూపం వేసినన్నాళ్లూ తిండికి లోటు లేదు, మానేసినప్పట్నుంచే మాకీ గతి' అని మొహం మీదే అనేస్తారు. అది చదివినప్పుడల్లా నాకు మా పెద్దమ్మే కళ్ల ముందు కనిపిస్తుంది. ఒక ఏడాది గంగమ్మ జాతరకి అంబలి పోయడం కుదరలేదని, ఆ ఏడంతా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆవిడ ఆ మాటే ఎత్తేది.

అసలు మలుపు క్రీ.పూ. 586లో, బబులోను వాళ్లు యెరూషలేమును, గుడినీ తగలబెట్టి జనాన్ని చెరపట్టుకుపోయినప్పుడు. ఆ రోజుల్లో ఊరు ఓడితే ఊరి దేవుడూ ఓడినట్టే లెక్క. మామూలుగా అయితే యెహోవా పని అక్కడితో సరి, బబులోను దేవుడు మర్దూకు గెలిచాడు అనుకోవాలి. కానీ ప్రవక్తలు లెక్కని తిరగేశారు. మనల్ని కొట్టించింది మన దేవుడే, బబులోను ఆయన చేతిలో కర్ర మాత్రమే అన్నారు. బైబిల్లో యెషయా గ్రంథం 40వ అధ్యాయం నుంచి (ఈ భాగం చెర కాలంలో వేరే ప్రవక్త చెప్పిందని చాలామంది పండితుల మాట) 'నేను తప్ప ఏ దేవుడును లేడు' అని తెగేసి చెప్పడం కనిపిస్తుంది, క్రీ.పూ. 539లో బబులోనును పట్టుకున్న పర్షియా రాజు కోరెషును (సైరస్‌ను) కూడా యెహోవా అభిషేకించినవాడే అంటుంది. సొంత రాజు, సొంత గుడి పోయాక దేవుడు లోకమంతటికీ దేవుడయ్యాడు. మీ వ్యాసంలో ఈ చెర గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

అప్పుడైనా అందరూ ఒక్కసారే మారిపోయారా అంటే అదీ లేదు. ఈజిప్టులో నైలు నది మధ్య ఎలిఫంటైన్ దీవిలో యూదుల కాలనీ ఉండేది. క్రీ.పూ. 400 ప్రాంతం నాటి వాళ్ల చందా చిట్టా ఒకటి దొరికింది. తలా రెండు షెకెళ్లు (అప్పటి వెండి లెక్క), పైన రాసుకున్నది 'యాహో దేవుడికి' అని, అంటే యెహోవాకే. తీరా చివర్లో పంపకం చూస్తే యాహోకి 126 షెకెళ్లు, అనత్‌బేతేలు అనే దేవతకి 120, ఎషెమ్‌బేతేలు అనే ఇంకో దేవుడికి 70.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
కొర్లగుంట, తిరుపతి.