పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష: పదేళ్ల లెక్క సరిపోదు

సంపాదకుడు గారికి నమస్కారం.

కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా ఉన్న గొట్టం పంపి పెద్దపేగును చూసే పరీక్ష) వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదంటూ మీ ఆరోగ్య పేజీలో వచ్చిన కథనం చదివి బాధ కలిగి రాస్తున్నాను. ఆ కథనానికి ఆధారమైన, 2022లో వెలువడిన అధ్యయనంలో పోలండ్, నార్వే, స్వీడన్‌లలో దాదాపు 85 వేల మందిని పదేళ్లు గమనించారు. పరీక్షకు పిలిచినవారిలో పెద్దపేగు క్యాన్సర్ 18 శాతం తగ్గింది. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నిజమే. కానీ పిలిచినవారిలో పరీక్షకు వచ్చింది 42 శాతమే. రానివాళ్లనూ కలిపి కట్టిన లెక్క అది. ఈ ముక్క మీ కథనంలో లేదు.

అంతకన్నా పెద్ద విషయం కాలం. పేగు గోడ మీద లేచిన పాలిప్ (చిన్న కండ పెరుగుదల) క్యాన్సర్‌గా మారడానికి తరచూ పదేళ్లో, అంతకు మించో పడుతుంది. ఇవాళ దాన్ని తీసేస్తే తప్పిన చావు ఎన్నో ఏళ్లకు గానీ లెక్కలోకి రాదు. బ్రిటన్‌లో 1990లలో 55–64 ఏళ్లవారికి పేగు చివరి భాగాన్ని ఒకే ఒక్కసారి గొట్టంతో చూసి, కనబడిన పాలిప్‌లు తీసేశారు. 17 ఏళ్ల తర్వాత చూస్తే, పిలుపు అందినవారిలో ఈ క్యాన్సర్ మరణాలు 30 శాతం తక్కువ. అమెరికాలోని మిన్నెసోటాలో ఏటా మలపరీక్షకు (మలంలో కంటికి కనబడని రక్తం ఉందేమో చూసేది) ఎంపికైనవారిలో 30 ఏళ్లకు ఈ క్యాన్సర్ మరణాలు 32 శాతం తక్కువ. అయితే అన్ని కారణాల మరణాలూ కలిపి చూస్తే అక్కడ తేడా లేదు. ఆ మాట చెప్పకుండా భయపెట్టి ప్యాకేజీలు అమ్మే ఆసుపత్రులన్నా నాకు కోపమే.

మన దేశంలో 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం చేసే క్యాన్సర్ పరీక్షలు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే పెద్దపేగు క్యాన్సర్ ఇక్కడ తక్కువ కాబట్టి అందరికీ కొలనోస్కోపీ చేయమని నేను అడగను. ఒకటి రెండు జిల్లాల్లో 50 దాటినవారికి మలపరీక్ష మొదలుపెట్టాలి. అందులో రక్తం ఆనవాలు కనిపించినవారికే కొలనోస్కోపీ చేయాలి. ఆ వివరాలను క్యాన్సర్ రిజిస్ట్రీకి (క్యాన్సర్ కేసులు నమోదు చేసే పట్టికకు) జతచేసి, ప్రభుత్వాలు మారినా కనీసం 15 ఏళ్లు లెక్క రాయాలి. అప్పుడే మన జవాబు మనకు దొరుకుతుంది.

మీకొక విన్నపం. స్క్రీనింగ్ అంటే ఏ బాధా లేనివారికి చేసేదని వివరణ వేయండి. మలంలో రక్తం పడుతుంటే మొలలే కదా అని నాటుమందుతో సరిపెట్టుకునేవారు మన ఊళ్లలో ఎందరో. ఈ చర్చ వారికి వర్తించదనీ, వెంటనే డాక్టరుకు చూపించుకోవాలనీ పెద్ద అక్షరాల్లో రాయండి.

ఇట్లు,
విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ