నామినల్ రోల్ మీద సంతకం పెట్టేముందు పేరు చదువుకోండి

సంపాదకుల గారికి నమస్కారం.

నేను తిరుపతిలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పాకాల దగ్గర పల్లె. మీ పేపరు మా హాస్టల్‌కు వస్తుంది. అందరి చేతులూ తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది, అప్పటికి దానిమీద సాంబారు మరక కూడా ఒకటి పడి ఉంటుంది. మొన్న అట్లా వచ్చిన పేపర్లో పదో తరగతి పిల్లలకు సలహాలు చూశాను. తెల్లవారుజామున లేవండి, టైంటేబుల్ వేసుకోండి, ఫోన్ పక్కన పెట్టండి, పాత పేపర్లు చేయండి. తప్పేమీ లేదు, అన్నీ మంచి మాటలే. మేం పదో తరగతిలో ఉన్నప్పుడు కూడా ఇవే రాశారు, మేం చదివి ఆ పేపర్లోనే చెనక్కాయలు పొట్లం కట్టుకున్నాం.

ఆ రాత్రి కరెంటు పోయింది. మా గదిలో ఐదుగురం. చీకట్లో మాటలు ఎటో పోయి, పదో తరగతిలో ఉన్న మన దగ్గరికి ఇప్పుడు పోయి ఒక్క మాట చెప్పే వీలుంటే ఏం చెప్తాం అనే దగ్గర ఆగాయి. ఒక్కరు కూడా పొద్దున్నే లేవమని చెప్తామనలేదండీ. అందుకే ఈ ఉత్తరం.

నా సంగతి ముందు చెప్తాను. మాది 2022 బ్యాచ్. అంతకు ముందు రెండేళ్లు కరోనా వల్ల పదో తరగతి పరీక్షలే జరగలేదు, మేం తొమ్మిదో తరగతి ఎట్లా దాటామో మాకే తెలీదు. 2021లో బడి ఆగస్టు 16న తెరిచారు. అంటే సిలబస్ కొండంత, టైం పిడికెడు. లెక్కల్లో మొదటి పాఠం వాస్తవ సంఖ్యలు, అందులోనే లాగరిథమ్‌లు. లాగ్ 2, లాగ్ 3 కూడితే లాగ్ 6 వస్తుందని సార్ బోర్డు మీద రాశారు. నాకు అర్థం కాలేదు. రెండూ మూడూ కలిపితే ఐదు కదా, ఆరు ఎందుకొచ్చింది? లేచి అడిగాను. "ఇంత కూడా తెలీకుండా పదికి ఎట్లా వచ్చినావమ్మా" అన్నారు. క్లాసంతా నవ్వింది. సార్ చెడ్డవారని నేను అనడం లేదు, ఆయన తొందర ఆయనది, అరవై మందితో ఆ ఏడాది ఎవరున్నా అట్లాగే అని ఉంటారు. కానీ ఆ రోజు కూర్చున్నదాన్ని మళ్లీ ఏ క్లాసులోనూ లేవలేదు. ఇంటర్ రెండేళ్లూ కూడా లేవలేదు.

నవంబరో డిసెంబరో, నామినల్ రోల్ తెచ్చారు. పరీక్ష ఫీజుతో పాటు పోయే పిల్లల జాబితా అది. మన పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టినతేదీ అందులో ఎట్లా ఉంటే హాల్‌టికెట్ మీద అట్లా వస్తుంది, మార్కుల మెమో మీద అట్లా వస్తుంది, ఇక ఆ మెమోనే జీవితాంతం పుట్టినతేదీ రుజువు. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు అదొక పొడుగాటి కాయితం, అంతే. నా పేరు ముందు ఇంటిపేరు ఇంగ్లీషు అక్షరం జి ఉండాల్సింది, సి పడింది. నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను, చూశాను. "అందరూ చూసుకున్నారా? సంతకాలు పెట్టండి, టైం లేదు" అన్నారు. చెప్తే మళ్లీ నవ్వుతారేమో అనిపించింది, చిన్న గీతే కదా, వాళ్లే సరిచేస్తారులే అనుకున్నాను. పెట్టేశాను.

ఆ చిన్న గీత ఖరీదు చెప్తాను. ఇంటర్లో చేరినప్పుడు ఆధార్‌లో ఒక పేరు, మెమోలో ఒక పేరు. ఒక అప్లికేషన్ దగ్గర పేరు కలవలేదని తిప్పి పంపారు. పైగా అదే 2022లో ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది, పాకాల ఇటు వచ్చింది, ఆధార్‌లో మాత్రం ఇంకా చిత్తూరు జిల్లా ఉంది. కంప్యూటర్ ముందు కూర్చున్నాయన నన్ను చూసి "ఏం పాపా, పేరూ నీది కాదు, జిల్లా నీది కాదు" అని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది, మా నాయనకు కోపమొచ్చింది. నోటరీ, అఫిడవిట్, జెరాక్సులు, బడికి పోయి సంతకం, అక్కడ లేరంటే మళ్లీ పోవడం. నాయన ఎన్ని రోజుల పని పోగొట్టుకున్నాడో నేను లెక్కపెట్టలేదు, ఆయన లెక్కపెట్టి ఉంటాడు, చెప్పలేదు. అవ్వ మాత్రం "ఒక అచ్చరం కోసరం ఇంత తిరుగుడా" అని ఇప్పటికీ అంటుంది.

ఇప్పుడు గ్రూపు సంగతి. మా ఫలితాలు జూన్ 6న వచ్చాయి. ఆ ఏడాది 67 శాతం మందే పాసయ్యారు కాబట్టి పాసైనందుకే ఇంట్లో పాయసం. మాకు జూన్ అంటే మామిడి. నాయన తోతాపురి కాయలు ట్రాక్టరుకు ఎత్తుకుని గుజ్జు ఫ్యాక్టరీ ముందు రెండు రాత్రులు లైన్లో పడుకున్నాడు. అమ్మ తోటలో. ఏ గ్రూపు తీసుకోవాలని అడగడానికి ఇంట్లో మనిషి లేడు, ఉన్నా వాళ్లకు తెలీదు. నా స్నేహితురాలు బైపీసీ అంది, నేనూ బైపీసీ అన్నాను. అసలు కారణం అది కూడా కాదు. బైపీసీలో లెక్కలు ఉండవు. లాగ్ 6 నుంచి తప్పించుకున్నాను అనుకున్నాను.

తప్పించుకుంటే కదా! ఇంటర్ కెమిస్ట్రీలో పీహెచ్ అంటే లాగ్. చర్యల వేగం లెక్కగట్టే రసాయన గతిశాస్త్రంలో మొదటి క్రమాంక చర్యకు రేటు స్థిరాంకం కట్టాలంటే మళ్లీ లాగ్, దాని ముందు 2.303 అనే అంకె. ఆ 2.303ను రెండేళ్లు మంత్రంలాగా బట్టీ కొట్టాను. ఎక్కడినుంచి వచ్చిందని ఎవరినీ అడగలేదు. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఒక మేడమ్, మేం ఎవరమూ అడక్కుండానే, ఇ అనే సంఖ్య ఆధారంగా ఉండే సహజ లాగ్‌ను పది ఆధారంగా ఉన్న మామూలు లాగ్‌లోకి మార్చేటప్పుడు పడే గుణకం అది అని చెప్పి, లాగ్ అంటే ఘాతమే కదా, పదిని ఎన్నిసార్లు గుణిస్తే ఈ సంఖ్య వస్తుందన్నదే కదా, ఘాతాలను కూడితే సంఖ్యలు గుణించినట్టు, అందుకే రెండూ మూడూ ఆరవుతాయి అని రెండు నిమిషాల్లో తేల్చేశారు. మూడేళ్లు దాటిన ప్రశ్నకు ఆ రోజు జవాబు దొరికింది. సంతోషం కంటే ఒళ్లు మంటే ఎక్కువైంది. రెండు నిమిషాల మాటకు భయపడి నేను గ్రూపే మార్చుకున్నాను!

ఇక మా గదిలో వాళ్లవి. నగరి పిల్ల చెప్పింది వింటే మీరు నమ్మరు. ఆమెకు పదో తరగతి అయ్యేదాకా బోర్డు కనపడలేదు. వెనక బెంచీ, పక్కపిల్ల నోట్సు చూసి రాసుకునేది. అందరికీ అట్లాగే మసకగా కనపడుతుందేమో అనుకుందట. ఇంటర్లో కాలేజీకి కంటి పరీక్ష చేసేవాళ్లు వస్తే అద్దాలు పెట్టారు. బయటికొచ్చి చెట్టు చూసి "ఆకులు విడివిడిగా ఉంటాయా" అందట. మేం పడీపడీ నవ్వాం, తర్వాత ఎవరమూ నవ్వలేదు.

ఇంకొక అమ్మాయి ఇంటర్ ఇక్కడే తిరుపతిలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివింది. పేరు వద్దు. ఆదివారం ఫోన్ ఇస్తారు, వెనక ఇంకో పదిమంది నిలబడి ఉంటారు. వాళ్లమ్మ "బాగున్నావా" అంటే "బాగున్నా" అనేది. రెండేళ్లు అదే మాట. నిద్ర పట్టేది కాదు, అన్నం తినబుద్ధి అయ్యేది కాదు, మార్కులు తగ్గినవారం అయితే ఇంకా టెన్షన్. "నేను బాగాలేను అని చెప్పమ్మా, వాళ్లు అరిచినా పర్వాలేదు, వచ్చి తీసుకుపోతారు అని చెప్తా దానికి" అంది. దానికి అంటే పదో తరగతిలో ఉన్న తనకే.

కుప్పం అమ్మాయిది వేరే గోల. వాళ్ల ఊర్లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసి నడుస్తాయి. బయట తన తెలుగు విని నవ్వుతారని పదేళ్లు నోరు మూసుకుందట, ఇప్పుడు గదిలో మాకెవరికీ మాట్లాడే సందు ఇవ్వదు.

ఐదో అమ్మాయి మాత్రం నా మీదికే వచ్చింది. "అడగండి అడగండి అని మీరు చెప్పేస్తారు, నేను అడిగినా కదా, రెండుసార్లు కూర్చో అన్నారు, మూడోసారి బయట నిలబెట్టారు, ఇంక పిల్లదానిదేనా తప్పు?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇది పిల్లలకు మాత్రమే రాయడం లేదు. టీచర్లు కూడా మీ పేపరు చదువుతారు కదా. అడిగిన పిల్లను చూసి క్లాసు నవ్వితే ఆ నవ్వును ఆపండి సార్, జవాబు మరుసటి రోజు చెప్పినా సరే.

అడగడానికి కూడా ఏదో ఒకటి తెలిసి ఉండాలి, అదొక బాధ. ఇప్పుడు ఏర్పేడు దగ్గర ఉన్న ఐఐటీ, సైన్సు చదువులు చెప్పే ఐసర్ రెండూ 2015లోనే మొదలయ్యాయి. మా ఊరినుంచి బస్సెక్కితే పోయే దూరం. మాకు మాత్రం పదో తరగతిలో ఐఐటీ అంటే కోచింగ్ సెంటర్ బోర్డు మీద ఉండే మాట. ఐసర్ అనేది ఒకటి ఉందని, సైన్సు మీద ఇష్టమున్నవాళ్లు ఇంటర్ తర్వాత ఐఏటీ అనే పరీక్ష రాసి అక్కడ చేరొచ్చని నాకు డిగ్రీలో చేరాక తెలిసింది. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్‌లో చేరొచ్చు, మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు, తిరుపతిలో ఆడపిల్లలకు ప్రత్యేకంగా పద్మావతి మహిళా పాలిటెక్నిక్కే ఉంది. ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కుల మీదే సీటు ఇస్తారు, ఆరేళ్ల కోర్సు. ఇవి రహస్యాలా? కావు. కానీ మా బడిలో మాతో ఎవరూ అనలేదు, మేమూ అడగలేదు. ఇంటర్, ఎంసెట్, లేకపోతే పెళ్లి అన్నట్టు ఉండేది మా లోకం. ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయి నాలుగేళ్లు దాటింది, మా ఊర్లో ఇంకా ఎంసెటే.

మీకు ఒక మనవి. రిజల్ట్స్ రోజున మీ పేపర్లో పేజీలకు పేజీలు ర్యాంకుల ఫోటోలు వస్తాయి. అవి ప్రకటనలని, డబ్బులొస్తాయని మాకూ తెలుసు. వద్దనడం లేదు. జనవరి, ఫిబ్రవరిలో ఒక మూల అరపేజీ ఇవ్వండి. డిగ్రీ, బీటెక్, పాలిటెక్నిక్ చదివే మాలాంటి మామూలు పిల్లల చేత, ర్యాంకులు రాని వాళ్ల చేత, పదో తరగతిలో ఏం పొరపాటు చేశారో రాయించండి. ఫెయిలై సప్లిమెంటరీలో పాసైనవాళ్లను కూడా అడగండి, వాళ్ల దగ్గర మా దగ్గర కన్నా ఎక్కువ సరుకు ఉంటుంది. నామినల్ రోల్‌లో ఏమేం చూసుకోవాలో ప్రతి ఏడాదీ అక్టోబరులోనే ఒక చిన్న బాక్సు కట్టి వేయండి, జరిగిపోయాక వేస్తే లాభం లేదు.

మా తమ్ముడు ఈ ఏడాది పదో తరగతి, నేను చదివిన బడిలోనే. పోయిన నెల నామినల్ రోల్ వస్తుందని తెలిసి రోజూ ఫోన్ చేసి చంపాను వాణ్ని. వచ్చిన రోజు సాయంత్రం వాడే చేశాడు. ఇంటిపేరు సరిగ్గానే ఉందట, పుట్టినతేదీ కూడా, నాయన పేరులో మాత్రం ఒక అక్షరం ఎగిరిపోయిందట.

"చెప్పినావా?" అన్నాను.

"చెప్పినా."

"సార్ ఏమన్నారు?"

"ఏమంటారు? ఎర్రపెన్నుతో కొట్టేసి రాసినారు. నీ పేరు తప్పు పడినప్పుడు నువ్వు చెప్పలేదా అక్కా?"

ఇట్లు,
ఒక బీఎస్సీ విద్యార్థిని,
తిరుపతి.