పాత్రల జంటల లెక్క కాలక్షేపం కాదు

సంపాదకులకు నమస్కారం.

టీవీ సీరియళ్లలో ఎవరికి ఎవరితో పెళ్లవుతుందో వాదించుకుంటూ ఇంటర్ విద్యార్థులు చదువు పాడు చేసుకుంటున్నారని ఇటీవల మీ పత్రికలో ఒక పాఠకుడు ఆవేదన వెలిబుచ్చారు. ములుగు, పరకాల, జనగామల నుంచి వచ్చి హనుమకొండ హాస్టళ్లలో ఉండే పిల్లలకు గణితం చెప్పే అధ్యాపకుడిగా నేను ఆ మాటతో ఏకీభవించలేను. ఆ వాదనను తరగతి గదిలోకి రానిస్తే, ద్వితీయ సంవత్సరంలో వారు బట్టీపట్టే ప్రస్తారాలు, సంయోగాల (వస్తువులను వరుసగా పేర్చే, ఎంచుకునే విధాలను లెక్కించే) పాఠం అర్థంతో సహా ఒంటబడుతుంది.

ఒక కథలో ఆరుగురు అబ్బాయిలు, ఆరుగురు అమ్మాయిలు ఉన్నారనుకుందాం. ఏ ఇద్దరినైనా జంట కలపవచ్చంటే 66 జంటలు వస్తాయి. అబ్బాయి, అమ్మాయి జంటలే కావాలంటే 36. ఇంతవరకు సూత్రం చాలు. కానీ మన కథల్లో పాత్రలు చుట్టరికాలతోనే వస్తాయి. వీరిలో ముగ్గురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు ఒకే ఇంటిపేరు గల అన్నదమ్ముల పిల్లలైతే, వరుసకు తోబుట్టువులు కనుక ఆ 9 జంటలనూ తీసేయాలి. వారి మేనత్తకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉంటే అక్కడ మరో 2 పోతాయి. మిగిలిన ఒక అబ్బాయి, ఇద్దరు అమ్మాయిలు ఎవరికీ చుట్టాలు కారు. అప్పటికి నిలిచేవి 25 జంటలు. మేనరికం కూడా వద్దంటే (డాక్టర్ల సలహా విని అలా అనుకునే కుటుంబాలు మా వైపూ ఉన్నాయి) ఇంకో 9 తగ్గి 16 అవుతాయి.

అసలు విశేషం తర్వాతి ప్రశ్నలో ఉంది. ఎవరూ మిగిలిపోకుండా అందరికీ పెళ్లిళ్లు జరిగే విధాలు ఎన్ని? ఏ నియమమూ లేకపోతే 720. తోబుట్టువుల వరుస పాటిస్తే, మొదటి ఇంటి ముగ్గురు అబ్బాయిలు బయటి ముగ్గురు అమ్మాయిలను 6 విధాలుగా, ఆ ఇంటి అమ్మాయిలు బయటి అబ్బాయిలను 6 విధాలుగా చేసుకోగలరు కనుక మొత్తం 36. మేనరికం కాదన్నామా, ఆ ముగ్గురు అబ్బాయిలకు తగిన అమ్మాయిలు ఇద్దరే మిగులుతారు. 16 జంటలకు వీలున్నా అందరి పెళ్లిళ్లు జరిగే దారి ఒక్కటీ ఉండదు. ఎంతమంది అబ్బాయిలను తీసుకున్నా వారందరికీ కలిపి కనీసం అంతమంది తగిన అమ్మాయిలు ఉండాలని, ఉంటే చాలు ప్రతి అబ్బాయికీ జత కుదిరి తీరుతుందని ఇంగ్లండు గణితవేత్త ఫిలిప్ హాల్ 1935లో నిరూపించాడు. గణితంలో దానిని వివాహ సిద్ధాంతమనే పిలుస్తారు. సీరియల్ చూసే పిల్లవాడికి ఆ సిద్ధాంతం ఎందుకు నిజమో ఒక్క పూటలో బోధపడుతుంది.

ఈ లెక్కలు మనకు కొత్తవీ కావు. కొన్ని వస్తువుల్లోంచి కొన్నింటిని ఎంచుకునే విధాలకు సాధారణ సూత్రాన్ని 9వ శతాబ్దిలోనే జైన గణితవేత్త మహావీరాచార్యుడు ఇచ్చాడు. ఆయన గణితాన్ని తెలుగు కవి పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

మీ విద్యార్థుల పేజీలో పరీక్షల బిట్లతో పాటు వారానికొక కథ లెక్క ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ముందు పాత్రల వరుసలు ఇచ్చి, జవాబును, దానికి కారణాన్ని మరుసటి వారం వేయండి. పాఠకులు పంపే సమాధానాల్లో సంఖ్యతో పాటు వారు ఏ నియమాలు పెట్టుకున్నారో కూడా రాయమనండి. పైన చూపిన కథలో 720, 36, సున్నా మూడూ సరైన జవాబులే.

ఇట్లు,
ఒక జూనియర్ కళాశాల గణిత అధ్యాపకుడు,
హనుమకొండ.