ప్రెస్సుకిచ్చే ఫైలులో వత్తులు ఊడకుండా

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలు. వాటికి అందించాలని సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునేవాళ్లు హడావిడిగా ఫైళ్లు పంపుతారు. అక్షరాలు చెదిరితే తిట్లు ప్రెస్సుకు. అచ్చుకు ప్లేటు తీసే యంత్రానికి తెలుగు రాదు, ఫైలులో ఏముంటే అదే దించుతుంది.

తెలుగుకు అసలు గండం ఫాంటు. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లే. అవి యూనికోడ్ కావు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలే. అను 6లో కొట్టింది అను 7 ఫాంటులో పెట్టినా అక్షరాలు తారుమారవుతాయి. మీరు ఫోనులో యూనికోడ్‌లో కొట్టినదాన్ని సెంటరువాళ్లు అనులోకి మారిస్తే ఇంకో చిక్కు: పొల్లును పక్క అక్షరంతో కలవకుండా ఆపే కనపడని గుర్తు ఎగిరిపోతుంది. ‘ఫేస్‌బుక్’ కాస్తా ‘ఫేస్బుక్’ అవుతుంది. కాబట్టి ప్రూఫు దిద్దాల్సింది మార్చిన తర్వాత, ముందు కాదు. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ వాడేవారు పేరాగ్రాఫు సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే వత్తులు విడివిడిగా పడతాయి.

ప్రెస్సుకు వర్డ్ ఫైలు ఇవ్వకండి, ఫాంట్లు ఇమిడిన పీడీఎఫ్ ఇవ్వండి. అక్రోబాట్‌లో ప్రాపర్టీస్, ఫాంట్స్ తెరిచి చూస్తే ప్రతి ఫాంటు పక్కనా ‘ఎంబెడెడ్’ అని ఉండాలి. కర్వ్స్‌లోకి, అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా, మార్చడం కవరుకు సరే. రెండు వందల పేజీల లోపలి మాటరుకు అది వద్దు, ఆ తర్వాత ఒక్క అక్షరమూ దిద్దలేరు.

ఇక కవరు. లోపల ఒక్క నల్ల ఇంకే కాబట్టి రంగుల గొడవ లేదు, కవరు నాలుగు రంగులు. వెనక అట్ట మీది చిన్న అక్షరాలు ఆర్‌జీబీ (తెర మీది రంగుల) నలుపులో ఉంటే నాలుగు ఇంకుల్లోకీ చీలతాయి. ప్లేటు వెంట్రుకవాసి జరిగినా వత్తుల అంచున ఎర్రటి, నీలపు నీడ. అక్షరానికి నలుపు ఒక్కటే నూరు శాతం ఇవ్వాలి. మిగతా రంగులు కూడా సీఎంవైకేలోకి, అంటే ప్రెస్సు నాలుగు ఇంకుల్లోకి, మార్చి చూసుకోండి. ఫోనులో మెరిసే చిలకాకుపచ్చ కాగితం మీద వాడిపోతుంది. ఆ ఇంకుల్లో సయాన్ (లేత నీలం), మెజెంటా (ముదురు గులాబీ) రెండూ నూరేసి శాతం ఇచ్చిన నీలం ఊదాగా దిగుతుంది, మెజెంటాను బాగా తగ్గించాలి.

కొలత ముందే వేసుకోవాలి. డెమీ 1/8 సైజు పుస్తకమంటే ఐదున్నర, ఎనిమిదిన్నర అంగుళాలు: సుమారు 140, 216 మి.మీ. వీపు మందం ప్రెస్సువాళ్లు అదే కాగితంతో కట్టిన డమ్మీని (ఖాళీ నమూనా పుస్తకాన్ని) కొలిచి తీసుకోవాలి, ఊహించకూడదు. అది 9 మి.మీ. ఉంటే కవరు వెడల్పు 140, 9, 140 కలిపి 289. నాలుగు పక్కలా 3 మి.మీ. బ్లీడు (కోతలో పోయే అదనపు అంచు) చేరిస్తే ఫైలు 295, 222 మి.మీ. బ్లీడు లేకపోతే కటింగులో తెల్ల అంచు తేలుతుంది. పేరు, బొమ్మలోని మొహం కోతగీతకు కనీసం 5 మి.మీ. లోపలుండాలి. ముందట్ట నిండా ఫొటో వేయాలంటే బ్లీడు కాకుండానే, అంగుళానికి 300 చొప్పున, 1650, 2550 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుంచించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. చిన్న బొమ్మకు ఫొటోషాప్‌లో 300 అని అంకె మార్చినంత మాత్రాన లేని వివరం రాదు.

ఒక ఫారం అంటే పదహారు పేజీలు, కాబట్టి లోపలి పేజీలు పదహారు గుణకంలో ఉంటే మంచిది. 194 వస్తే రెండు పేజీలు కుదించి 192 చేయండి. లేదంటే ఆ రెంటికోసం ఇంకో ఫారం నడపాలి.

చివరి ప్రూఫు చూడాల్సింది ప్రెస్సుకు పంపబోయే ఆ పీడీఎఫ్‌లోనే, అదీ కాగితం మీద అసలు సైజులో తీసి. ప్లేటు అయ్యాక ఒక్క వత్తు దిద్దాలన్నా ఆ ఫారం ప్లేటుకు మళ్లీ డబ్బు కట్టాల్సిందే.

– ఒక డీటీపీ ఆపరేటర్, విజయవాడ