వందో పిల్లాడు, నూట ఒకటో పిల్లాడు

ఒరేయ్ రమణా,

నేను రాస్తున్న పరిశోధన పేపరు గురించి మొన్న ఫోన్లో "ఎప్పుడు చూసినా పేపరు పేపరంటావు, ఇంతకీ దేని గురించిరా అది" అని నువ్వడిగితే "బడులకొచ్చే గ్రాంటు గురించిలే" అని తేల్చేశాను. బస్సులో ఉన్నా మరి, అరిచి చెప్పే విషయం కాదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. తీరిక మాటెలా ఉన్నా నీతో పనుంది. ఆ పనేంటో చివర్లో చెప్తా, ముందే చెబితే మిగతాది చదవవు.

బడి ఖర్చులకి ఏటా వచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటు గురించి నీలాంటి ప్రైమరీ బడి ఎల్‌ఎఫ్‌ఎల్ హెడ్మాస్టరుకి చెప్పడమంటే తాతకి దగ్గులు నేర్పడమే. అయినా నా లెక్క ఎక్కడ మొదలైందో తెలియాలి కాబట్టి కాస్త ఓర్చుకో. 2018లో సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్ కలిపేసి సమగ్ర శిక్ష అన్నాక బడికి ఈ ఒక్క గ్రాంటు ఖాయమైంది. ఇప్పుడున్న స్లాబుల ప్రకారం 30 మంది వరకు పిల్లలుంటే 10,000 రూపాయలు, 100 వరకు 25,000, 250 వరకు 50,000, వెయ్యి వరకు 75,000, ఆపైన లక్ష. అందులో కనీసం పదో వంతు స్వచ్ఛతకి.

ఈ స్లాబులు చూసి నీకు ఒళ్లు మండుతుంది, నేను మాత్రం ఎగిరి గంతేశాను. సరిగ్గా వందమంది ఉన్న బడికి 25,000, అంటే తలకి 250 రూపాయలు. ఇంకొక్క పిల్లాడు చేరాడా, 50,000. తలకి 495. వందమంది ఉన్న బడికీ, నూట ఒక్కరున్న బడికీ ఊరి తీరులో గానీ, టీచర్లలో గానీ, తల్లిదండ్రుల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా ఏముంటుంది చెప్పు? గ్రాంటు తప్ప ఏమీ ఉండదు. మరుసటేడు ఆ రెండు రకాల బళ్లలో మరుగుదొడ్డి పనిచేస్తోందా, కుళాయిలో నీళ్లొస్తున్నాయా, కరెంటుందా అని యూడైస్‌లో, అంటే బడుల వివరాలన్నీ ఏటా ఎక్కించే సర్కారు డేటాబేస్‌లో, చూసి పోల్చితే, కనబడ్డ తేడా ఆ డబ్బు వల్లేనని గట్టిగా అనొచ్చు. మా ఆర్థికశాస్త్రం వాళ్లు దీన్ని రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ అంటారు. పేరు చూసి జడుసుకోకు, గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్లని పక్కపక్కన నిలబెట్టి చూడటమే.

నేను పంపాలనుకుంటున్నది ఎడ్యుకేషన్ ఫైనాన్స్ అండ్ పాలసీ అనే పత్రికకి. 2006 నుంచి వస్తోంది, ఎంఐటీ ప్రెస్ వేస్తుంది. అమెరికా వాళ్ల పత్రిక. వాళ్లకి బడి డబ్బు అనగానే గుర్తొచ్చేది ఇంటిపన్ను. అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అని ఒకటుంటుంది, దానికో బోర్డు, దాని పన్ను దానిది. ఖరీదైన ఇళ్లున్న చోట బడికి డబ్బే డబ్బు, లేనిచోట కటకట. ఇది అన్యాయమని టెక్సస్ తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1973లో ఓడిపోయారు. ఆ తర్వాత పోరాటమంతా రాష్ట్రాల కోర్టుల్లో నడిచింది. అసలు డబ్బు పెడితే చదువు బాగుపడుతుందా అన్న రగడ అంతకు ముందు నుంచే ఉంది. 1966లో కోల్‌మన్ రిపోర్టు బడి వసతుల కన్నా ఇంటి పరిస్థితే ఎక్కువ లెక్కలోకి వస్తుందంది. ఆ మాట పట్టుకుని అర్ధ శతాబ్దం కొట్టుకున్నారు. 2016లో జాక్సన్, జాన్సన్, పర్సికో అనే ముగ్గురు పరిశోధకులు కోర్టు తీర్పుల వల్ల డబ్బు పెరిగిన చోట్ల పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో చూశారు. పన్నెండేళ్ల బడి చదువంతా ఖర్చు 10 శాతం ఎక్కువ పెడితే పెద్దయ్యాక జీతాలు 7 శాతం దాకా పెరిగాయని తేల్చారు.

మన దగ్గర కథ వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక ప్రయోగం జరిగింది, నీకు తెలుసో లేదో. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు లాటరీ తీసి కొన్ని బడులకి గ్రాంటిచ్చారు, కొన్నిటికి ఇవ్వలేదు. జిష్ణు దాస్ వాళ్లతో కలిసి 2013లో ఆ ఫలితాలు వేశారు. మొదటి ఏడాది, డబ్బు వస్తుందని ఎవరికీ తెలియనప్పుడు, పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాదికి తల్లిదండ్రులకి సంగతి తెలిసిపోయింది. నోటుపుస్తకాలూ పెన్నులూ బడే ఇస్తోంది కదా అని ఇంటి నుంచి పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. మార్కుల్లో పెరుగుదల మాయం. వాళ్లది తప్పంటానా? నేనైనా అదే చేస్తాను. కానీ ఆ పేపరు చదివాకే నేను మార్కుల జోలికి వెళ్లకూడదనుకున్నా. మరుగుదొడ్డి తలుపు బాగుచేయించే ఖర్చు ఏ తల్లీ ఇంటి దగ్గర మిగుల్చుకోలేదు కదా. అందుకే నా పేపరంతా వసతుల మీదే.

ఇక గొడవలు మొదలు. మొదటిది ఇదివరకు స్లాబుల మాటొచ్చినప్పుడు నువ్వన్నదే. "గీత దాటితే డబుల్ వస్తుందని తెలిస్తే ఎవడైనా ఒక పేరు ఎక్కించడా?" అన్నావు నవ్వుతూ. ఒరేయ్, అది నవ్వులాట కాదు, రిఫరీ, అంటే పత్రిక తరఫున పేపరు పరీక్షించేవాడు, వేసే మొదటి ప్రశ్న. దానికో పరీక్ష కూడా ఉంది, 2008లో మెక్‌క్రేరీ అనే ఆయన పెట్టింది. వంద దగ్గర బళ్ల సంఖ్య పల్చబడి, నూట ఒకటి, నూట రెండు దగ్గర గుంపు కట్టిందంటే ఎవరో పెన్ను ఆడించినట్టే లెక్క. ఆ గ్రాఫు పేపర్లో మొదటి బొమ్మగా పెడుతున్నా. 2022-23 నుంచి యూడైస్ ప్లస్‌లో ఒక్కో పిల్లాడి వివరం విడిగా ఎక్కిస్తున్నారు కాబట్టి అప్పటి నుంచీ ఇలాంటివి కష్టం. అంతకు ముందు మొత్తాలే కదా రాసేవారు. నీ మీద అనుమానం లేదులే.

రెండోది ఇంకా ముదురు. విద్యాహక్కు చట్టం షెడ్యూల్ తీసి చూడు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితే పూర్తికాలం హెడ్మాస్టరుండాలి, డ్రాయింగుకీ ఆటలకీ పార్ట్ టైం వాళ్లుండాలి అంటుంది. గ్రాంటు గీత వంద, హెడ్మాస్టరు గీతా వందే! అప్పర్ ప్రైమరీల్లో వంద దాటాక వసతి బాగుపడిందంటే అది డబ్బు మహిమా, అడిగేవాడొకడు వచ్చిన మహిమా? విడదీయలేం. అందుకని అప్పర్ ప్రైమరీలన్నీ పక్కన పడేశాను. ప్రైమరీలో టీచర్ల గీతలు 60, 90, 120, 150 దగ్గరున్నాయి కాబట్టి వంద శుభ్రంగా ఉంది. కాకపోతే ప్రైమరీల్లో వంద దాటినవి మన వైపు ఎన్నున్నాయి? శాంపిల్ చిక్కి సగమైంది. పోనీ, అబద్ధం చెప్పే పెద్ద శాంపిల్ కన్నా ఇదే నయం.

మూడోది జీవో 117. 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్లకి పంపేసరికి నూట ఇరవై మంది ఉన్న బడి రాత్రికి రాత్రి యాభై మందికి దిగింది. ఊళ్లో పిల్లలు ఊళ్లోనే ఉన్నారు, కాగితం మీద బడే చిన్నదైపోయింది. అదే ఏడాది ఏప్రిల్లో జిల్లాలు 13 కాస్తా 26 అయ్యాయి. జిల్లా పేరు పట్టుకుని ఏళ్లు కలుపుదామంటే కుదరదు, పదకొండంకెల బడి కోడే దిక్కు. తెలంగాణ కూడా కలుపుదామనుకుంటే 28తో మొదలయ్యే కోడ్లు అక్కడ 36 అయ్యాయి, జిల్లాలు 33 అయ్యాయి. అందుకే ఆంధ్రతోనే, అదీ 2022కి ముందే ఆపేశాను. మధ్యలో కోవిడ్ ఉండనే ఉంది. ఇవన్నీ తీసేశాక మిగిలిన ఏళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అసలు విషయానికొస్తా. పట్టికలు, గ్రాఫులు చేయడం నాకు వచ్చిన పనే. రెండో సెక్షన్ దగ్గర ఆగిపోయాను. అమెరికాలో కూర్చున్న రిఫరీకి "బడికి 50,000 వచ్చింది" అని రాస్తే, జూన్‌లో చెక్కొచ్చింది, హెడ్మాస్టరు ఖర్చుపెట్టాడు అనుకుంటాడు. మంజూరు వేరు, రావడం వేరు, ఖర్చవడం వేరని ఆయనకెలా తెలుస్తుంది? 2021 జులై నుంచి కేంద్ర పథకాల డబ్బుని, ఒక్కో పథకానికి రాష్ట్రంలో ఒకే నోడల్ ఖాతా తెరిచి, అందులోనే ఉంచడం మొదలైంది. బడి ఖాతా జీరో బ్యాలెన్సు, నీకొచ్చేది డబ్బు కాదు, లిమిట్, అంటే ఇంతవరకు ఖర్చుపెట్టుకోవచ్చన్న అనుమతి. ఆర్థిక సంవత్సరం మార్చితో అయిపోతుంది, బడి సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది, యూడైస్ లెక్కకి సెప్టెంబరు 30 కొలత. ఫిబ్రవరిలో వచ్చిన లిమిట్‌తో కొన్న సామాను ఏ ఏడాది ఫలితం కింద రాయాలి నేను? ఈ ఒక్క ప్రశ్న మీదే పేపరు నిలబడుతుంది, లేదా కూలుతుంది.

మన బడ్జెట్ పుస్తకాల్లోనూ ఇదే తంతు. 2025-26 పుస్తకంలో అసలు ఖర్చు కనబడేది 2023-24కే. మిగతావి అంచనాలూ, సవరించిన అంచనాలూ. న్యూస్ పేపర్లలో హెడ్డింగులు మాత్రం అంచనాల మీదే వస్తాయి. పైగా విద్య అనగానే అందరూ 2202 పద్దు చూస్తారు. గురుకులాలు, స్కాలర్‌షిప్పుల ఖర్చు సంక్షేమం కింద 2225లో ఉంటుంది. అది వదిలేసి "తలసరి విద్యావ్యయం" అని రాసేవాళ్లని చూస్తే నాకు చిర్రెత్తుకొస్తుంది.

మిగిలినవి చిల్లర పనులు. పత్రికకి పంపే ఫైల్లో రాసినవాడి పేరు కనబడకూడదట, ఫైలు ప్రాపర్టీస్‌లో కూడా. "మా మునుపటి పరిశోధనలో" అని రాస్తే దొరికిపోతాం. అంకెల్లో మన లక్ష కామా చూసి అవతలివాళ్లు కంగారు పడతారని అన్నీ మార్చాను. ఆర్థికశాస్త్రం పేపర్లని విషయాల వారీగా విడదీసే కోడ్లలో ఐ22 అని విద్యా ఆర్థికానికో కోడుంది, అది వేశాను. ప్రతి పట్టిక కింద నోటు, పట్టిక ఒక్కటే చింపి చదివినా అర్థమయ్యేలా ఉండాలి. ఇది నాకు నచ్చిన నియమం.

ఇప్పుడు నీ పని. రెండో సెక్షన్ రెండు పేజీలు తెలుగులో రాసి దీంతో పెడుతున్నా. ఎర్ర పెన్ను తీసుకుని నీ విద్యార్థి కాంపోజిషన్ దిద్దినట్టు దిద్దు. ముఖ్యంగా మూడు సంగతులు కావాలి. లిమిట్ మామూలుగా ఏ నెలలో పడుతుంది? పడ్డాక ముందు దేనికి పోతుంది: కరెంటు బిల్లుకా, చాక్‌పీసులకా, ఫినాయిల్‌కా? లిమిట్ రాకముందు నువ్వు జేబులోంచి పెట్టింది క్యాష్ బుక్‌లో ఏ తేదీ వేసి రాస్తావు? ఈ మూడోదే నాకు ఎక్కువ కావాలి. మంజూరైన తేదీ ప్రొసీడింగ్స్‌లో దొరుకుతుంది, ఖర్చయిందని యూసీ (యుటిలైజేషన్ సర్టిఫికెట్) ఇచ్చిన తేదీ దొరుకుతుంది, తలుపుకి బోల్టు వేసిన తేదీ నీలాంటివాడి దగ్గర తప్ప ఎక్కడా లేదు. ఒక ఏడాది క్యాష్ బుక్ పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, బడి పేరున్న చోట చెయ్యి అడ్డం పెట్టి తియ్యి. ఊరి పేరు, నీ పేరు ఎక్కడా రావు. థాంక్స్ చెప్పే చోట కూడా పేరు వేయలేను, అదే నా బాధ.

ఇన్విజిలేషన్, మధ్యాహ్న భోజనం యాప్, తల్లిదండ్రుల కమిటీ మీటింగూ ఉన్నాయని చెప్పకు, నాకూ తెలుసు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తా. అప్పటికి రెండు పేజీల్లో ఒక్కటైనా ఎర్రబడి ఉండాలి. చెల్లెమ్మని అడిగానని చెప్పు, పోయినసారి పంపిన మాగాయ అయిపోయిందని కూడా.

నీ
సూరి