ఆ ఇంటికి పట్టా ఎప్పుడిస్తారు? దక్షిణాఫ్రికా అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులు సిరిల్ రామఫోసా గారికి నమస్కారాలు.

నేను పదిహేనేళ్లుగా జొహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాణ్ని. మీ దేశంలో నాకు ఓటు లేదు. అయినా 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో వచ్చి డర్బన్‌లో దిగి, నటాల్ చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా చాకిరీ చేసినవారిలో మా తెలుగువాళ్లూ ఉన్నారు కనుక, ఈ నేల ఎవరిదన్న తగువు నాకు సంబంధం లేనిదని అనుకోలేకపోతున్నాను.

మా ఆఫీసులో శుభ్రం చేసే పెద్దావిడ నగరానికి దక్షిణాన, ఎంతో దూరంలో ఉన్న ఆరెంజ్ ఫామ్‌లో ఉంటారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, రెండు మినీబస్సు ట్యాక్సీలు మారి మా ఆఫీసున్న సాండ్టన్ చేరుకుంటారు. ఒక మధ్యాహ్నం ఆవిడ ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసి, నలగకుండా అరచేత్తో సాపు చేస్తూ నా బల్ల మీద పరిచారు. ప్రభుత్వం ఆవిడకు ఇల్లు కేటాయించినట్టు చెప్పే ఉత్తరం అది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటున్నా అది ఆవిడ పేరిట రిజిస్టరు కాలేదు. ఎన్నిసార్లు తిరిగినా ఇంకో నెల ఆగి రమ్మనే చెబుతున్నారట. "నేను పోతే నా మనవరాలిని బయటికి పొమ్మంటారా?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. పట్టా లేని ఇంట్లో బతకడమంటే ఏమిటో మా ఊళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

1913 భూమి చట్టం దేశంలోని నల్లవారికి దాదాపు 7 శాతం నేల మిగిల్చింది. 1936లో దాన్ని 13 శాతం దాకా పెంచారు. 2017లో మీ ప్రభుత్వమే జరిపిన లెక్కింపు ప్రకారం, వ్యక్తుల పేరిట ఉన్న వ్యవసాయ భూమిలో 72 శాతం తెల్లవారిదే. జనాభాలో వారు 8 శాతం కూడా లేరు. ఆ అన్యాయం సరిదిద్దాలన్నదానిలో నాకు సందేహం లేదు. నా బాధంతా ఆ మాట ఎన్నికల వేదిక దిగగానే ఏమైపోతోందన్నదే.

1994లో 62 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకున్న మీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ 2024లో 40 శాతానికి పడిపోయి, అంతకుముందు ప్రధాన ప్రతిపక్షంగా ఉన్న డెమొక్రాటిక్ అలయన్స్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ప్రభుత్వం నడుపుతోంది. 2025 జనవరిలో మీరు, కొన్ని సందర్భాల్లో పరిహారం లేకుండానే ప్రభుత్వం భూమి తీసుకోవడానికి వీలిచ్చే భూసేకరణ చట్టం మీద సంతకం పెట్టగానే, అదే భాగస్వామి దాని మీద కోర్టుకెక్కింది. ఆస్తి హక్కు గురించి అంత గట్టిగా మాట్లాడే ఆ పార్టీ, ఆ ఆస్తి ఎవరి చేతినుంచి ఎలా పోయిందన్న ప్రశ్న దగ్గర మాత్రం తొందరగా ముందుకు వెళ్లిపోతుంది. మరోవైపు వామపక్ష నేత జూలియస్ మలేమా పార్టీ, మాజీ అధ్యక్షుడు జేకబ్ జూమా పార్టీ నష్టపరిహారం లేకుండా భూమిని తీసుకుని ప్రభుత్వం అధీనంలో ఉంచాలంటాయి. అలా జరిగినా మా పెద్దావిడ మళ్లీ ప్రభుత్వం ఇంట్లో కాగితం లేని మనిషే కదా.

వర్ణాన్ని ఓట్ల లెక్కగా మాత్రమే చూస్తే ఏమవుతుందో 2021 జులైలో డర్బన్ పక్కనున్న ఫీనిక్స్ చూపించింది. వర్ణవివక్ష పాలకులు భారతీయుల కోసం వేరుగా కట్టించిన ఆ పేటకు చుట్టుపక్కల ఉన్నవి ఇనాండా, క్వామషు లాంటి నల్లవారి బస్తీలు. జూమా జైలుకెళ్లాక చెలరేగిన అల్లర్ల రోజుల్లో దారికి అడ్డంగా కంచెలు కట్టి నిలబడ్డవారు, తమ వీధిలోకి వచ్చిన నల్లవారిని ఆపి కొట్టారు, కాల్చారు. ఆ ఒక్క చోటే 36 మంది చనిపోయారు. అలా నిలబడ్డవారిలో మా తాతల ఊళ్ల నుంచి వచ్చినవారి మునిమనవలు లేరని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను, ఆ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. అయితే పేటకో రంగు చొప్పున మనుషులను విడదీసిన 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం రద్దయినా, ఇళ్లు అక్కడే ఉన్నాయి, మధ్యనున్న దూరం అక్కడే ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ దూరాన్నే తవ్వి ఓట్లు ఏరుకుంటున్నారు.

అయ్యా, 1996 రాజ్యాంగాన్ని రాసిన సభకు అధ్యక్షత వహించింది మీరే. గతంలోని వివక్ష చట్టాల వల్ల నేల మీద హక్కు నిలకడగా లేనివారికి ఆ హక్కును పదిలం చేయాలని అందులోని 25వ అధికరణం చెబుతుంది. మా పెద్దావిడ ఇల్లు లాంటి ఇళ్ల విషయంలో దాన్ని అమలు చేయడానికి తెల్ల రైతు పొలం ముట్టుకోవలసిన పని లేదు, కోర్టు తీర్పు కోసం ఆగనక్కర్లేదు, భాగస్వామి పార్టీ అనుమతీ అక్కర్లేదు. ప్రభుత్వమే కట్టించి, ప్రభుత్వమే కేటాయించి, రిజిస్టరు చేయకుండా వదిలేసిన ఇళ్లవి. ఎన్ని మిగిలాయో పురపాలక సంఘాల వారీగా లెక్క బయటపెట్టండి. గడువు చెప్పండి. ఊరూరా తిరిగి కాగితాలు సరిచేసే సిబ్బందిని ఆరెంజ్ ఫామ్ లాంటి చోట్లకు పంపండి. అక్కడివాళ్లు సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది కనుక, ఆ సిబ్బందిని శనివారాలు రమ్మనండి.

మా పెద్దావిడకు ఇప్పుడు అరవై దాటింది. ఆ కవరు రోజూ సంచిలోనే ఉంటుంది.

ఇట్లు,
జొహన్నెస్‌బర్గ్‌లో ఉంటున్న ఒక తెలుగువాడు